తద్దినాల లెక్క

మన పాత తెలుగు పుస్తకాల్లో లోపలి పేజీ తిప్పగానే ఓ మాట కనిపించేది: సర్వస్వామ్య సంకలితము. అదేదో ఆశీర్వచనం కాబోలు అనుకున్న పిల్లలు చాలామందే ఉండి ఉంటారు. నిజానికి అది హెచ్చరిక. ఈ పుస్తకం మీద హక్కులన్నీ రాసినవారివి, కనక ఇంకెవరూ అచ్చేసుకోకండి అని దాని తాత్పర్యం. బాగానే ఉంది. కాని ఆ హక్కు ఎన్నేళ్ళు, ఏ దేశం పొలిమేర దాకా అన్న సంగతి అందులో లేదు. అప్పట్లో ఉండవలసిన అవసరమూ లేదు. రాజమండ్రిలో అచ్చయిన పుస్తకం బెజవాడ దాటి అమ్ముడైతే అదే పదివేలు.

పుస్తకం మాట అటుంచి పాట సంగతి చూద్దాం. మోరిస్ రావెల్ అని ఫ్రాన్సులో ఒక గొప్ప స్వరకర్త ఉండేవాడు. 1928లో ఆయన బొలెరో అనే వాద్యగోష్ఠి రాశాడు. పావుగంట సేపు ఒకే డోలు దెబ్బ, ఒకే వరస. ఒక్కొక్క వాయిద్యమే వచ్చి కలుస్తూ, చివరికి వరద గోదారిలా మీద పడుతుంది. పేరు తెలియకపోయినా వింటే, ఓహో ఇదా అంటారు. ఆ రావెల్ 1937 డిసెంబరు 28న పోయాడు. తారీఖు గుర్తుపెట్టుకోండి. ఎందుకంటే కాపీరైటు చట్టానికి మనిషి ఎప్పుడు పుట్టాడన్నది అక్కర్లేదు, ఎప్పుడు పోయాడన్నదే కావాలి. పోయిన ఏడాది చివరినుంచి తద్దినాలు లెక్కపెట్టుకుంటూ పోతుంది. పాపం, రావెల్ ఇంకో నాలుగు రోజులు బతికి ఉంటే వారసులకి ఇంకో ఏడాది కలిసొచ్చేది.

ఇప్పుడు ఆ బొలెరో నొటేషన్ కాగితాలు ఎవరైనా నకలు తీసుకోవచ్చా? కెనడాలో అయితే, అప్పటి చట్టం ప్రకారం 50 తద్దినాలు కాగానే, 1988 జనవరి 1 నుంచి తీసుకోవచ్చు. మన దేశంలోనూ అప్పటికి లెక్క 50 ఏళ్ళే, కనక ఇక్కడా 1988. జర్మనీలో 70 ఏళ్ళు, అంటే 2008. సొంత దేశం ఫ్రాన్సులో మటుకు 2016 మే 1 దాకా కుదరదు. ఇదెక్కడి లెక్కంటారా? యుద్ధం రోజుల్లో వారసులకి రాబడి పోయింది కనక దానికి పరిహారంగా 8 ఏళ్ళ 120 రోజులు అదనంగా ఇచ్చారు. అమెరికాలో తద్దినాలతో పనిలేదు. ఆ కాలంనాటి రచనలకి అచ్చయిన ఏటినుంచి 95 ఏళ్ళు. బొలెరో 1929లో అచ్చయింది కనక అక్కడ 2025 జనవరి 1న విడుదల. అవే కాగితాలు, అవే చుక్కలు, అవే గీతలు. ఒక దేశంలో ధర్మసత్రం, పక్క దేశంలో దొంగతనం. మధ్యలో 37 ఏళ్ళ తేడా.

కాగితం కాగితంగా ఉన్నన్నాళ్ళూ ఈ తేడాతో పెద్ద చిక్కు రాలేదు. కట్ట కట్టి, తపాలా బిళ్ళ అంటించి, ఓడెక్కించాలి. దారిలో కస్టమ్సువాడు ఉంటాడు. ఇంటర్నెట్ వచ్చాక కాగితానికి ఓడ అక్కర్లేకపోయింది. మాంట్రియల్‌లో పెట్టిన బొమ్మ వియన్నాలో కనిపిస్తుంది. అప్పుడు అడగవలసిన ప్రశ్న ఒకటి మిగిలింది. నేరమంటూ జరిగితే అది పెట్టిన చోట జరిగినట్టా, చూసిన చోట జరిగినట్టా?

ఈ ప్రశ్న ఒక కుర్రాడి నెత్తిన పడింది. పేరు ఎడ్వర్డ్ గువో. అమెరికాలో బోస్టన్ నగరంలోని న్యూ ఇంగ్లండ్ కన్సర్వేటరీలో స్వరరచన చదువుకుంటున్నాడు. 2006 ఫిబ్రవరిలో ఇంటర్నెట్‌లో ఒక స్వరగ్రంథాలయం తెరిచాడు. ఇంటర్నేషనల్ మ్యూజిక్ స్కోర్ లైబ్రరీ ప్రాజెక్టు అని భారీ పేరు. పని మాత్రం సులువుగా అర్థమయ్యేదే. కాపీరైటు తీరిపోయిన నొటేషన్ పుస్తకాలు ఎవరి దగ్గరున్నా, పేజీ పేజీ స్కాన్ చేసి అందులో పెట్టండి, కావలసినవాళ్ళు ఉచితంగా దింపుకుంటారు.

ఇందులో ఇంత విశేషం ఏముందని మనకి అనిపించవచ్చు. మన సంగీతం గురువు నోట్లోంచి శిష్యుడి చెవిలోకి వస్తుంది. నొటేషన్ పుస్తకం ఉన్నా, అది మర్చిపోయినప్పుడు చూసుకోవడానికే. పాశ్చాత్య సంగీతం అలా కాదు, అది కాగితం మీద బతుకుతుంది. ఎనభైమంది వాయించే సింఫనీకి ఎనభైమంది ముందూ కాగితం ఉండాలి. వయొలిన్‌వాడికి వేరు, బూరావాడికి వేరు, నిర్వాహకుడికి అందరివీ కలిపిన పెద్ద పుస్తకం వేరు. వాటిలో చాలా పుస్తకాలు దొరకవు. దొరికినా ఖరీదు. కొన్నిటినైతే అచ్చువేసినవాళ్ళు అమ్మరు, పెళ్ళికి షామియానా ఇచ్చినట్టు అద్దెకిచ్చి, కచేరీ కాగానే వెనక్కి పట్టుకుపోతారు. ఇక సంగీతం చదువుకునే పేదపిల్లల మాట చెప్పాలా? అంచేత గువో గ్రంథాలయం ఏడాదిన్నరలో పదిహేను వేల పైచిలుకు స్వరప్రతులకి ఎదిగింది. పెట్టేవాళ్ళందరూ జీతంలేని స్వచ్ఛంద సేవకులే.

కుర్రాడు తెలివిగానే ఆలోచించాడు. గ్రంథాలయాన్ని కెనడాలో పెట్టాడు. కెనడాలో 50 తద్దినాల చట్టం. ఐరోపాలో 70. మధ్యనున్న ఆ ఇరవై ఏళ్ళలో పోయిన స్వరకర్తలంతా కెనడాలో స్వేచ్ఛాజీవులు, ఐరోపాలో ఇంకా తాళంలో ఉన్నవాళ్ళు. బేలా బార్తోక్ 1945లో పోయాడు. కెనడాలో 1996 నుంచి ఆయన స్వరాలు అందరివీ. ఐరోపాలో 2016 దాకా ఆగాలి.

బార్తోక్ పుస్తకాలు అచ్చువేసిన పెద్ద సంస్థల్లో వియన్నాలోని యూనివర్సల్ ఎడిషన్ ఒకటి. 1901లో పుట్టిన సంస్థ. మాలర్, షోన్‌బర్గ్, బెర్గ్, యానాచెక్ వంటివారిని లోకానికి అందించిన ఘనత దానిది, కాదనడానికి లేదు. ఆ సంస్థ 2007లో టొరంటో లాయరు ద్వారా కుర్రాడికి నోటీసు పంపింది. ఫలానా ఫలానా స్వరకర్తల రచనలు తీసెయ్యాలి, ఐరోపావాళ్ళకి అవి కనపడకుండా అడ్డుకట్ట కట్టాలి అని అందులో డిమాండు. చట్టం ప్రకారం కెనడాలో తప్పులేని పనిని, ఐరోపావాడు కిటికీలోంచి చూస్తున్నాడు గనక ఆపమన్నమాట. ఇది ఎలా ఉందంటే, మన ఊరి గ్రంథాలయానికి పొరుగు రాష్ట్రంవాడు వచ్చి, మా మనుషులు మీ గుమ్మం తొక్కకుండా రేషన్ కార్డులు చూసి పంపండి అన్నట్టు.

కోర్టుకి వెళ్ళారా? లేదు. అక్కడే ఉంది అసలు కథంతా. కోర్టుకి వెళ్ళడానికి డబ్బు కావాలి. గువో కాలేజీ కుర్రాడు. ఆ షరతులు అమలు చేసే ఓపికా డబ్బూ తనకు లేవని చెప్పి, 2007 అక్టోబరు 19న గ్రంథాలయం మూసేశాడు. పదిహేను వేల స్వరప్రతులు ఒక్క రాత్రిలో మాయం. అందులో బాఖ్ ఉన్నాడు, బీథోవెన్ ఉన్నాడు. వాళ్ళ మీద ఏ దేశంలోనూ ఎవరికీ హక్కు లేదు. అయినా వాళ్ళూ పోయారు. ఏ న్యాయమూర్తీ ఒక్క ముక్క రాయలేదు. ఉత్తరం ముక్క తీర్పు ఇచ్చేసింది.

దానిమీద పెద్ద గొడవే అయింది. ఒటావాలో చట్టం బోధించే మైకేల్ గైస్ట్ అనే ఆచార్యుడు, కెనడా చట్టం చూస్తే ఆ డిమాండుకి బలం లేదని పత్రికల్లో రాశాడు. ఉచిత పుస్తకాల ఉద్యమానికి ఆద్యుడైన మైకేల్ హార్ట్, తన గూటెన్‌బర్గ్ ప్రాజెక్టు తరఫున వీలైనంత భాగం తాము నిలబెడతామని ముందుకొచ్చాడు. చివరికి 2008 జూన్ 30న గ్రంథాలయం మళ్ళీ తెరుచుకుంది. ఈసారి జాగ్రత్తలు ఎక్కువ. ప్రతి పుస్తకాన్నీ కాపీరైటు తెలిసినవాళ్ళు పరిశీలించి, ఇది కెనడాలో చెల్లుతుంది, అమెరికాలో చెల్లదు, ఐరోపాలో అనుమానం అని చీటీ అంటిస్తారు. మందుసీసా మీద చీటీ లాగే. తాగడం తాగకపోవడం రోగి ఇష్టం. గువో ఆ తర్వాత హార్వర్డుకి వెళ్ళి న్యాయశాస్త్రం చదివాడు. పాము కాటు తిన్నవాడు మంత్రం నేర్చుకున్నట్టు.

ఆ గ్రంథాలయానికి ఇంకో ముద్దుపేరుంది, పెత్రూచ్చి మ్యూజిక్ లైబ్రరీ అని. ఎవరీ పెత్రూచ్చి? వెనిస్‌లో సంగీతాన్ని అచ్చక్షరాలతో గొప్పగా అచ్చువేసి చూపించిన తొలి ఘనుడు. 1501లో ఆయన మొదటి పుస్తకం వచ్చింది. ఐదు గీతల మీద చుక్కలు సరిగ్గా కూచోవాలని ఒకే కాగితాన్ని మళ్ళీ మళ్ళీ అచ్చుకెక్కించేవాడట. తమాషా ఏమిటంటే, ఈయన పుస్తకం వెయ్యడానికి మూడేళ్ళ ముందే, 1498లో, వెనిస్ ప్రభుత్వం దగ్గరికి వెళ్ళి ఇరవై ఏళ్ళపాటు ఈ రకం సంగీతం నేను తప్ప ఇంకెవరూ అచ్చువెయ్యకూడదు అని హామీ రాయించుకున్నాడు. ఉచిత గ్రంథాలయానికి గుత్తేదారు పేరు! ఆ హామీ కూడా వెనిస్ గడప దాటితే చెల్లదు. అంచేత తర్వాత పోపుగారి రాజ్యానికి మారినప్పుడు, 1513లో పోపు దగ్గర మరో హామీ తెచ్చుకోవలసి వచ్చింది. ఊరికో లెక్క అన్నది ఐదొందల ఏళ్ళ నాటి జబ్బన్నమాట.

నూట యాభై ఏళ్ళ కిందట ఈ జబ్బు ముదిరిన చోటు అమెరికా. పరాయి దేశస్థుల రచనలకి అక్కడ 1891 దాకా రక్షణే లేదు. ఇంగ్లండులో గిల్బర్ట్, సల్లివన్ అనే జంట రాసిన సంగీత నాటకం 1878లో లండన్‌లో ఆడితే, అమెరికాలో కనపడ్డ ప్రతి కంపెనీ పైసా ఇవ్వకుండా ఆడేసింది. ఆ మరుసటి నాటకానికి వాళ్ళే ఓడెక్కి న్యూయార్క్ వెళ్ళి, 1879 డిసెంబరు 31న మొదటి ఆట అక్కడే ఆడారు. నాటకం పేరు పైరేట్స్ ఆఫ్ పెన్‌జాన్స్. దొంగల భయంతో పరుగెత్తినవాళ్ళు తమ నాటకానికి దొంగలనే పేరు పెట్టుకున్నారు. ఇంకో నాటకం మికాడోకి, అమెరికన్ పౌరుడి చేత పియానో ప్రతి రాయించి, ఇది అమెరికన్ రచన మహాప్రభో అని 1885లో కోర్టు ముందు చేతులు కట్టుకున్నారు. కోర్టు ఒప్పుకోలేదు. పియానో ప్రతి అచ్చయ్యాక, దాన్ని చూసి సొంతంగా వాద్యగోష్ఠి తయారు చేసుకోవచ్చు పొమ్మంది.

వాగ్నర్ గారి పార్సిఫల్ కథ ఇంకా రసవత్తరం. ఆ సంగీత నాటకాన్ని ఆయన 1882లో తన సొంత ఊరి నాటకశాల బైరాయిట్‌లో ఆడించాడు. ఇంకెక్కడా ఆడకూడదన్నది ఆయన కోరిక. మరుసటి ఏడే కాలం చేశాడు. భార్య కోసిమా ఆ కోరికని మడి కట్టుకుని కాపాడుతూ వచ్చింది. కాని నొటేషన్ పుస్తకం అచ్చయి బజార్లో ఉంది. అమెరికాకీ జర్మనీకీ మధ్య ఈ విషయంలో ఆవిడకి పనికొచ్చే ఒప్పందం లేదు. 1903 డిసెంబరు 24న, క్రిస్మస్ ముందు రోజున, న్యూయార్క్ మెట్రపాలిటన్ ఒపేరావాళ్ళు పార్సిఫల్ ఆడేశారు. కోసిమా అక్కడి కోర్టుకెక్కింది, ఓడిపోయింది. చెయ్యగలిగింది ఒక్కటే చేసింది. ఆ ఆటలో పాడినవాళ్ళకి బైరాయిట్ గుమ్మం మూసేసింది. జర్మనీలో అప్పట్లో 30 తద్దినాల చట్టం. దాన్ని పెంచమని వాగ్నర్ పక్షంవాళ్ళు పార్లమెంటుని బతిమాలారు. పెంచలేదు. 1913 డిసెంబరు 31తో గడువు తీరింది. ఆ రాత్రి బార్సెలోనాలో మధ్యరాత్రి కొట్టకముందే తెర ఎత్తేశారు. జర్మనీ గడియారం గంట ముందుంటుంది గనక అక్కడ కొత్త సంవత్సరం వచ్చేసినట్టే అని వాళ్ళ వాదన. ముహూర్తం చూసి తెర ఎత్తడం మన నాటకసమాజాలకే కాదు, వాళ్ళకీ తెలుసు.

ఇలాంటివన్నీ చూసే 1886లో స్విట్జర్లండులోని బెర్న్ నగరంలో కొన్ని దేశాలు కూచుని ఒప్పందం రాసుకున్నాయి. నీ రచయితని నా రచయితలాగే చూస్తాను అని దాని సారం. బ్రిటన్ చేరింది కనక దాని వెంట మన దేశమూ చేరినట్టయింది. రష్యా చేరలేదు. దాని ఫలితం రఖ్మానినోవ్ అనుభవించాడు. పందొమ్మిదేళ్ళ వయసులో రాసిన పియానో ముక్కకి రష్యాలో అచ్చువేసినవాడు ఇచ్చింది 40 రూబుళ్ళు. ఆ ముక్క ప్రపంచమంతా మోగిపోయింది. లండన్‌లో అచ్చువేశారు, న్యూయార్క్‌లో అచ్చువేశారు. ఆయనకి చేరింది ఏమీ లేదు. ఆయన జీవితాంతం ఏ కచేరీకి వెళ్ళినా జనం ఆ ముక్కే వాయించమని అరిచేవారట.

అదే రఖ్మానినోవ్ 1943లో పోయాడు. పోయిన 68 ఏళ్ళకి, 2011 ఏప్రిల్‌లో, బ్రిటన్ సంగీత ప్రచురణకర్తల సంఘం ఆయన గంటలు అనే బృందగాన రచన ఆ స్వరగ్రంథాలయంలో ఉందని ఫిర్యాదు చేసింది. ఫిర్యాదు గువోకి కాదు, చిరునామా అమ్మిన కంపెనీకి. ఆ కంపెనీ వెనకా ముందూ చూడకుండా గ్రంథాలయం చిరునామానే తీసేసింది. ఒక పుస్తకం కోసం వీధిలో ఇంటి నెంబరు పీకేసినట్టు. నిజానికి ఆ రచన కెనడాలోనూ స్వేచ్ఛగా ఉంది, అమెరికాలోనూ ఉంది. ఐరోపాలో మాత్రమే ఇంకో రెండేళ్ళు మిగిలింది. గొడవ కాగానే సంఘం ఫిర్యాదు వెనక్కి తీసుకుంది, చిరునామా తిరిగొచ్చింది. బతికున్నప్పుడు 40 రూబుళ్ళు విదిల్చిన లోకానికి ఆయన హక్కుల మీద అంత ప్రేమ పుట్టుకురావడం చూస్తే ముచ్చటేస్తుంది.

బెర్న్ ఒప్పందాన్ని 1908లో బెర్లిన్‌లో సవరించి 50 తద్దినాలు మర్యాద అన్నారు. అది మర్యాదగా అక్కడ ఆగలేదు. జర్మనీ 1965లో 70 చేసింది. 1993లో ఐరోపా దేశాలన్నీ ఒకే లెక్కకి రావాలనుకున్నప్పుడు, ఎక్కువున్నవాడు తగ్గించుకోవడం కష్టం గనక అందరూ 70కి ఎక్కారు. దాంతో ఇంగ్లండులో ఓ విచిత్రం జరిగింది. 1934లో పోయిన ఎల్గార్ హక్కులు 1984తో తీరిపోయాయి. అందరూ ఆయన నొటేషన్లు వేసుకుంటూ హాయిగా ఉండగా, 1996లో ఆ హక్కులు సమాధిలోంచి లేచి వచ్చి 2004 చివరిదాకా తిరిగాయి. అమెరికా కూడా 1998లో ఇరవై ఏళ్ళు కలిపింది. అంతకుముందే, తమ దగ్గర రక్షణ లేకుండా పడి ఉన్న పరాయి రచనలకి 1996 నుంచి ప్రాణం పోసింది. ప్రొకోఫియెవ్, షోస్తకోవిచ్ వంటి రష్యన్ల రచనలు అప్పటిదాకా ఊరి బావిలా అందరూ వాడుకునేవారు. రాత్రికి రాత్రి బావికి తాళం పడింది. కొలరాడోలో లారెన్స్ గోలన్ అనే వాద్యబృంద నిర్వాహకుడు, పిల్లలకి పీటర్ అండ్ ద వుల్ఫ్ వినిపించాలన్నా కాగితాలు అద్దెకి తేవలసి వస్తోందని సుప్రీంకోర్టు దాకా పోరాడాడు. 2012 జనవరిలో ఓడిపోయాడు. అందరిదీ అయిన వస్తువుని మళ్ళీ కొందరిది చెయ్యవచ్చునని కోర్టు తేల్చింది.

మన దేశం మాత్రం తక్కువ తిందా? రవీంద్రుడు 1941లో పరమపదించారు. 50 ఏళ్ళ లెక్కన 1991 డిసెంబరు 31తో ఆయన రచనల మీద విశ్వభారతి హక్కు పోవాలి. సరిగ్గా మూడు రోజుల ముందు, డిసెంబరు 28న, ఆర్డినెన్సు వచ్చింది. 50 కాస్తా 60 అయింది. ఒక్క కవి కోసం దేశంలోని కవులందరి వారసులకీ పదేళ్ళు బోనస్. రవీంద్రసంగీతానికి స్వరలిపి సంపుటాలు అరవైకి పైగా ఉన్నాయి, స్వరబితాన్ అంటారు. వాటిని తప్పి పాడితే రికార్డుకి విశ్వభారతి సంగీత మండలి ఒప్పుకునేది కాదు. దేవవ్రత బిశ్వాస్ అంతటి గాయకుడు ఆ పేచీల్లో విసిగి, చివరి ఏళ్ళలో రవీంద్రసంగీతం రికార్డులివ్వడమే మానుకున్నారు. ఆయన 1980లో పోయారు, హక్కు 2001 చివరిదాకా నడిచింది. మన మదనపల్లెకీ ఇందులో చిన్న వాటా ఉంది. 1919 ఫిబ్రవరిలో రవీంద్రులు అక్కడ విశ్రాంతి తీసుకున్నప్పుడే మార్గరెట్ కజిన్స్ జనగణమనకి పాశ్చాత్య పద్ధతిలో నొటేషన్ రాసిపెట్టారు.

ఇంకో సంగతి. 1994లో సవరించేదాకా మన చట్టం దృష్టిలో సంగీతం అంటే కాగితం మీద రాసిందే. నోటితో పాడింది లెక్కలోకి రాదు. నోటిమాటగా వేల ఏళ్ళు నడిచిన దేశంలో ఇంగ్లీషువాళ్ళ చట్టం చూసి రాసుకున్న నిర్వచనం! ఇప్పుడు మారింది గనక చిక్కు ఇంకోలా వచ్చింది. అన్నమయ్య పదాలకి వయసు ఐదొందల ఏళ్ళు. వాటిమీద ఎవరికీ హక్కు లేదు. కాని రాగిరేకుల మీద రాగం పేరుందే గాని స్వరం లేదు. ఇవాళ మనం పాడుకునే వరసలు చాలావరకు ఇరవయ్యో శతాబ్దంలో కట్టినవి. రాళ్ళపల్లి అనంతకృష్ణశర్మగారు కట్టిన వరస ఆయన సొంత రచనే అనుకుంటే, ఆయన 1979లో పోయారు కనక మన లెక్కన హక్కు 2039 చివరిదాకా బతికే ఉంటుంది. డాలస్‌లోనో న్యూజెర్సీలోనో పిల్లలకి పాట నేర్పే అమ్మగారికి హైదరాబాదు చెల్లెలు వాట్సాప్‌లో ఆ నొటేషన్ పేజీ ఫొటో తీసి పంపిందనుకోండి. ఇక్కడ 60 తద్దినాలు, అక్కడ 1978కి ముందు అచ్చయిన దానికి 95 ఏళ్ళు. పాపం వాళ్ళకి తెలిసింది ఒకటే, అది అన్నమయ్య పాట. అదృష్టం కొద్దీ సుబ్బరామ దీక్షితులు గారి సంగీత సంప్రదాయ ప్రదర్శిని ఉంది. 1904లో ఎట్టయపురంలో తెలుగు లిపిలో అచ్చయింది, దీక్షితులు గారు 1906లో పోయారు. ఏ దేశం లెక్క వేసినా దాన్ని ఎవరూ పట్టుకోలేరు.

ఇదంతా చదివి కాపీరైటు అంటేనే దుర్మార్గం అనుకోకండి. బార్తోక్ మాట చెప్పాను కదా. నాజీలని ఏవగించుకుని హంగరీ వదిలి అమెరికా వెళ్ళాడు. ఐరోపా నుంచి రావలసిన రాబడి యుద్ధంతో ఆగిపోయింది. 1945 సెప్టెంబరులో న్యూయార్క్‌లో రక్తకాన్సరుతో పోతే, వైద్యం ఖర్చూ అంత్యక్రియల ఖర్చూ అమెరికన్ స్వరకర్తల సంఘం పెట్టుకుంది. అటువంటి మనిషికి బతికున్నప్పుడు ఒక్కో పేజీకీ ఒక్కో డాలరు చేరి ఉంటే ఎంత బాగుండేది! పోయాక భార్యాబిడ్డలకి చేరినా న్యాయమే. నాకు మింగుడుపడనిది ఆ తర్వాతి సంగతి.

రావెల్‌నే చూడండి. పెళ్ళి లేదు, పిల్లలు లేరు. హక్కులు తమ్ముడు ఎడ్వార్డ్‌కి వెళ్ళాయి. తమ్ముడికి ప్రమాదంలో దెబ్బలు తగిలితే ఒళ్ళు మర్దనా చేసి సేవచేసిన ఒకావిడ ఉంది. 1960లో ఆయన పోయాక ఆస్తి ఆవిడకి వెళ్ళింది. ఆవిడ తర్వాత ఆవిడ భర్తకి. ఆయన రెండో పెళ్ళి చేసుకున్నాడు. ఆ రెండో భార్యకి, ఆవిడ తర్వాత ఆవిడ కూతురికి. రావెల్ రక్తం ఇందులో ఎక్కడా లేదు. 2016లో బొలెరో ఫ్రాన్సులో విడుదలయ్యాక వారసులు కొత్త వాదన తెచ్చారు. బొలెరో మొదట నృత్యనాటకం కోసం రాసింది, దానికి తెరలూ దుస్తులూ గీసిన చిత్రకారుడు అలెగ్జాండర్ బెన్వా కూడా కర్తే, ఆయన 1960లో పోయాడు, కనక లెక్క అక్కణ్ణుంచి మొదలుపెట్టండి అన్నారు. అది నెగ్గి ఉంటే 2039 దాకా మళ్ళీ తాళమే. నాంటేర్ కోర్టు 2024 జూన్ 28న కుదరదు పొమ్మంది. తద్దినం పెట్టేవాడు కావలిస్తే మనిషిని వెతకడం చూశాం గాని, తద్దినం తారీఖు కోసం ఇంకో శవాన్ని వెతకడం ఇదే వినడం.

ఇక కెనడా. ఇన్ని దేశాల్లో ఇన్ని లెక్కలుండటం గందరగోళమే. కాని ఆ గందరగోళమే గువోకి గూడు ఇచ్చింది. అందరిదీ ఒకే లెక్కయి, అది 70 అయి ఉంటే, గ్రంథాలయంలో ఇరవై ఏళ్ళ పుస్తకాలకి చోటే ఉండేది కాదు. ఆ గూటికి చివరికి ఎసరు పెట్టింది ఏ సంగీత ప్రచురణకర్తా కాదు. అమెరికా, మెక్సికోలతో కెనడా చేసుకున్న వర్తక ఒప్పందం. 2020 జూలైలో అమల్లోకి వచ్చిన ఆ ఒప్పందంలో మోటారుకార్లు, పాల వ్యాపారం మధ్యలో కాపీరైటు షరతు కూడా ఉంది. 2022 డిసెంబరు 30న కెనడా లెక్క 70 అయింది. జపాను అప్పటికే 2018 చివర్లో అదే బాట పట్టింది. మెక్సికోది మరీ వింత, అక్కడ వంద తద్దినాలు.

అప్పటికే బయటికొచ్చినవాళ్ళని కెనడా మళ్ళీ లోపల పెట్టలేదు. అంతమటుకు మేలు. 1971లో పోయిన స్ట్రావిన్‌స్కీ ఆఖరి బండి అందుకున్నాడు. 2022 జనవరి 1న విడుదలై కెనడాలో స్వేచ్ఛగా తిరుగుతున్నాడు. ఐరోపాలో ఆయనకి 2042 దాకా సెలవు లేదు. మన దేశంలో లెక్కకట్టినా 2032. 1972లో పోయినవాళ్ళు రెండు రోజుల తేడాలో బండి తప్పిపోయారు, తర్వాతి బండి 2043కి. షోస్తకోవిచ్ 1975లో పోయాడు. పాత లెక్కయితే కెనడాలో 2026 జనవరి 1న ఆయన పదిహేను సింఫనీలూ గ్రంథాలయంలో చేరేవి. కొత్త లెక్కన 2046.